సర్వాయి పాపన్న: పాట చెప్పిన మాట, చరిత్ర చెప్పిన మాట



నాది పటాన్‌చెరువు సమీపమునందలి కర్దనూరు గ్రామము. నా చిన్నతనమున మా పొలముల గట్లమీద తాటిచెట్లు బారులు తీరియుండెడివి. తెల్లవారక మునుపే గౌడన్నలు మోకు భుజమున వైచుకొని, నడుమున కత్తి కట్టుకొని, చెట్లకడకు పోవుచుండెడివారు. నేడా చెట్లలో చాలభాగము లేవు. గట్లున్న తావుల కర్మాగారముల గోడలు లేచినవి, లారీల బాటలు పడినవి. నాడు చెట్టెక్కినవారి మనుమలు నేడు యంత్రములకడ షిఫ్టులలో పనిచేయుచున్నారు. వృత్తి మారినను వారి యిండ్లలో ఒక పేరు మాత్రము మాసిపోలేదు. అది సర్వాయి పాపన్న పేరు.

కొంతకాలము క్రిందట ఆ యువకులు కొందరు నాయొద్దకు వచ్చి, “తాతా, మన ఊరిలో పాపన్న విగ్రహము నిలుపదలచితిమి. పీఠముపై చెక్కించుటకు నాలుగు వాక్యములు మీరు వ్రాసి యీయవలెను” అని యడిగిరి. నాలుగు వాక్యములే కదా యని నేను వెంటనే ఒప్పుకొంటిని. సాయంకాలము రచ్చబండకడ ఆ ప్రస్తావన రాగా నలుగురును నాలుగు విధముల పలికిరి. ఒకరు “ఆయన గోలకొండ నేలిన రాజు, అట్లే వ్రాయుము” అనిరి. రెండవవారు “ఫారసీ గ్రంథములలో ఆయన దారిదోపిడికాడని యున్నదట. రాతిమీద పేరు చెక్కించి నవ్వులపాలగుదుమేమో” అనిరి. మూడవవారు “మహమ్మదీయులతో పోరిన హిందూవీరుడని వ్రాసిన చాలును” అనిరి. నాలుగవ ప్రశ్న మా ఊరి ఉపాధ్యాయురాలిది. “ఓరుగల్లులో ఆయన స్త్రీలను, బిడ్డలను చెరపట్టించెనని చదివితిని. ఆ మాటను ఎక్కడ పెట్టుదురు?” అని ఆమె యడిగెను.

నాకు జవాబు తోచలేదు. అందుచేత దొరికిన పుస్తకములు చదివితిని. ఖిలాషాపురము పోయి కోటను చూచి వచ్చితిని. తెలిసికొన్నదానిని నేడు మీ ముందు పెట్టుచున్నాను. ఇట్టి ప్రశ్న మీ ఊళ్లలోను ఒకనాడు లేవవచ్చును.

మొదట మనకున్న సాక్షులెవరో చెప్పవలెను. పాపన్నను గూర్చి ప్రధానముగా ఇద్దరు సాక్షులు గలరు. మొదటివాడు ఖాఫీఖాను. ఇతడు మొగలాయీ కొలువునకు సంబంధించిన చరిత్రకారుడు. పాపన్న చనిపోయిన కొన్ని దశాబ్దములకు ఫారసీ భాషలో పెద్ద చరిత్ర వ్రాసెను. అందు పాపన్న పేరు ‘పాప్రా’ యని కనబడును. ఊళ్ల పేర్లు, ముట్టడులు, సేనల లెక్కలు మనకు తెలియుట చాలవరకు ఇతని దయవలననే. కాని ఇతని కలము పాపన్న పేరు వచ్చిన ప్రతిచోటను ముఖము చిట్లించుకొనును.

రెండవ సాక్షి పాట. తంబుర మీటుచు కథ చెప్పువారు, కల్లుమండువలలో పాడువారు, పొలములో కలుపు తీయువారు ఈ కథను నోటినుండి నోటికి అందించిరి. 1874వ సంవత్సరమున బాయిల్ అను ఆంగ్లేయుడు ‘ఇండియన్ ఆంటిక్వరీ’ యను పత్రికలో తెలుగు వీరగాథలనుగూర్చి వ్రాయుచు పాపని పాటను ప్రకటించెను. అనగా పాపన్న చనిపోయిన నూట అరువది యేండ్లకును ఆ పాట జనుల నోట నాడుచునే యుండెను. పాటకు తేదీలు పట్టవు, లెక్కలు పట్టవు. అయినను పాపన్న వెంట ఎవరు నడచిరో, వారి మనసులో ఏమున్నదో పాటయే చెప్పును. ఒకడు తేదీ చెప్పి ప్రేమను దాచెను; మరియొకడు ప్రేమ చెప్పి తేదీని మరచెను. రచ్చబండకడ తీర్పు చెప్పునప్పుడు మనము ఇరువురు సాక్షులనుగూడ విందుము గదా. ఇక్కడను అట్లే చేయవలెను.

ఇక కాలము సంగతి. 1687లో ఔరంగజేబు నెలల తరబడి ముట్టడించి గోలకొండను పట్టుకొనెను. కడపటి కుతుబుషాహి సుల్తాను తానీషాను దౌలతాబాదు కోటలో బంధించెను. కుతుబుషాహీలు మహమ్మదీయులే యైనను ఈ నేలపై పుట్టి పెరిగినవారు. వారికి అక్కన్న మాదన్నలవంటి మంత్రులుండిరి. తెలుగు నాయకులు వారి సేనలలోను కోటలలోను పదవులు నడపిరి. వారి రాజ్యము పోగానే పాలన యావత్తును ఉత్తరదేశమునుండి వచ్చినవారి చేతిలో పడెను. ఔరంగజేబు మహారాష్ట్రులతో యుద్ధమున మునిగియుండెను. ఆ యుద్ధమునకు కావలసిన ధనము ఈ సీమనుండి పోవలసివచ్చెను. సుబేదారు ఫౌజుదారును, ఫౌజుదారు జమీందారును, జమీందారు రైతును పీడించుట సహజమైనది. దీనికి తోడు ముట్టడి ముందువెనుకల కరవును రోగములును సీమను పీడించినవి. బాటలమీద రక్షణ లేదు. సేనలనుండి తొలగింపబడిన భటులు పనిలేక తిరుగుచుండిరి. ఏలుబడి సడలి, పన్ను మాత్రము బిగిసిన ఇట్టి సమయముననే పాపన్నవంటివారు పుట్టుదురు.

పాపన్న గీతకార్మికుల కులమువాడు. ఓరుగల్లునకును భువనగిరికిని నడిమి సీమ ఆయనది. తరికొండయు, షాపురమును ఆయన కథకు ఆటపట్టులు. ఆ షాపురమే నేడు జనగామ జిల్లాలోని ఖిలాషాపురము. తల్లి పేరు సర్వమ్మ యని జనులు చెప్పుదురు. పాటలో తల్లి కొడుకును మందలించును: కులవృత్తి విడిచి కత్తి పట్టుట మనకు తగునా యని. కొడుకు, చెట్టెక్కి కల్లుదింపుట తనకు చాలదనియు, గోలకొండ గోడలనే కొట్టెదననియు బదులు చెప్పును. ఎండలో నిద్రించుచున్న పాపనికి నాగుపాము పడగపట్టెనను కథయును జనులలో గలదు. రాజు కాదగినవానికే పాము పడగ పట్టునని మన పెద్దల నమ్మకము. కులముచేత రాజు కాజాలనివానికి పాముచేత రాచరికము నిప్పించిన యీ కల్పన, ఆనాటి పేదల కోరిక యెట్టిదో తెలుపుచున్నది.

ఖాఫీఖాను చెప్పిన ఆరంభము వేరు. పాపన్నకు ధనవంతురాలైన వితంతువగు సోదరి యొకతె యుండెననియు, ఆమె సొమ్మును నగలను బలవంతముగా లాగికొని, ఆ ధనముతో మనుష్యులను కూర్చుకొని, తరికొండయందు చిన్న కోట కట్టెననియు అతడు వ్రాసెను. తరువాత దారిన పోవు వర్తకులను దోచుట. ఇది పదునేడవ శతాబ్దపు చివరి యేండ్లలోని సంగతి. ఫౌజుదారులును, ఇరుగుపొరుగు భూస్వాములును కలిసి తరుమగా, ఆయన మన మెతుకుసీమ కావలనున్న కౌలాసునకు పారిపోయి, అచ్చటి జమీందారు వెంకటరావు కొలువున చేరెను. ఆ కౌలాసు నేటి కామారెడ్డి జిల్లాలోనిది. అచ్చటను పాతపద్ధతి మానలేదు. వెంకటరావు ఆయనను చెరసాలలో వేసెను. కొంతకాలమునకు జమీందారు కుమారుడు జబ్బుపడెను. బిడ్డ బాగుపడవలెనని తల్లి పుణ్యమునకై ఖైదీలనందరను విడిపించెను. ఒక తల్లి మ్రొక్కుబడి పాపన్నకు రెండవ జన్మ నిచ్చెను.

విడుదలయైన పాపన్న ఖిలాషాపురము చేరెను. సర్వడను పేరుగల తోడుగాడొకడు కలిసెను. వారచ్చట కోట నిర్మించిరి. కొలనుపాక ఫౌజుదారు వీరిని అణచుటకు కాసింఖానను సేనానిని పంపెను. ఆ పోరులో తుపాకిగుండు తగిలి కాసింఖాను చచ్చెను. 1702 ప్రాంతమున హైదరాబాదు సుబాను నడపుచున్న రుస్తుందిల్‌ఖాను స్వయముగా వచ్చి రెండు నెలలు ముట్టడించెను. పాపన్నయు సర్వడును తప్పించుకొనిరి. ఖాను కోటను మందుపెట్టి పేల్చి, పని ముగిసినదని మరలిపోయెను. ఆయన వెనుదిరుగగానే వీరు తిరిగి వచ్చి, మునుపటికంటె గట్టిగా, రాయి సున్నములతో కట్టిరి.

ఇచ్చట పెద్దలు ఒక సూక్ష్మమును గమనింపవలెను. సుబేదారు వచ్చును, గెలుచును, పోవును. ఊరు మాత్రము అక్కడనే యుండును. పడిన కోటను మరల నిలుపుటకు రాళ్లు మోయువారు, సున్నము కాల్చువారు, గింజలు పెట్టువారు, వార్త తెచ్చువారు కావలెను. చుట్టుప్రక్కల జనులలో కొందరైనను తనవారు కానిదే ఇది యెవ్వనికిని సాధ్యము కాదు. ఉత్త దోపిడికానికి దాగుకొనుటకు గుహ దొరకవచ్చునుగాని, కూలిన కోటను తిరిగి కట్టుకొనుట దొరకదు.

కొన్నియేండ్లకు రుస్తుందిల్‌ఖాను మరల దండెత్తెను. ఈసారి నెలల తరబడి ముట్టడి జరిగిన పిమ్మట పాపన్న సమర్పించిన ధనరాశిని పుచ్చుకొని ఖాను వెనుకకు పోయెను. దండించవలసినవాడు లంచము తినెను. నాటి పాలన యెట్టిదో దీనికంటె వేరుగా చెప్పనక్కరలేదు. ఈ నడుమనే సర్వడు తమలోని పుర్దిల్‌ఖానను వానితో కలహించి, ఒకరినొకరు పొడుచుకొని ఇరువురును చచ్చిరి. దానితో నాయకత్వము పూర్తిగా పాపన్నకు వచ్చెను.

ఆయన వెంట నడచినవారెవరు? పాట ఆ పేర్లను వరుసగా చెప్పును. చాకలి సర్వన్న, మంగలి మాసన్న, కుమ్మరి గోవిందు, మేదరి యెంకన్న, దూదేకుల పీరు, హసను, హుసేను, కొత్వాలు మీరుసాహెబు. ఎరుకలవారు, జక్కులవారు, దొమ్మరులు, యానాదులునుగూడ అందున్నారు. ఈ పేర్లను మీరొకమారు మనసులో చెప్పుకొని చూడుడు. మన ఊళ్లలో ఊరి నడుమ ఇండ్లు లేనివారు, దర్బారులో కూర్చుండ చోటు లేనివారు, అందరును ఇందున్నారు. మహమ్మదీయులును అందు గలరు. అందుచేత మూడవ పెద్దమనిషి కోరినట్లు దీనిని హిందువులకు మహమ్మదీయులకు జరిగిన పోరుగా వ్రాయుటకు వీలులేదు. పాపన్నకు ఎదురునిలిచినవారిలోను ఇరుమతములవారు గలరు. ఆయనను చెరపట్టిన కౌలాసు వెంకటరావు హిందువు. తరికొండనుండి తరిమిన భూస్వాములలోను, దోపిడికి గురియై మొరపెట్టిన వర్తకులలోను హిందువులుండిరి. ఒక ప్రక్క కలిగినవారు, పదవులవారు. మరియొక ప్రక్క ఏమియు లేనివారు. గీటు అక్కడ పడినది.

బంజారా వర్తకులనుండి పది పండ్రెండు వేల యెద్దులను పట్టుకొని, వానిని షాపురము చుట్టునున్న పొలములు దున్నుటకు పెట్టెనని ఖాఫీఖాను వ్రాసెను. శత్రువు వ్రాసిన మాట గనుక ఇది మరింత విలువగలది. దోచినదానిని తిని పోవువాడు అరకలు కట్టడు. నేలమీద నిలువదలచినవాడే దుక్కి దున్నించును. అయితే ఆ యెద్దులు పోగొట్టుకొన్న బంజారాలును పేదబ్రతుకువారే. ఉప్పును ధాన్యమును ఊరూర మోసి జీవించువారు. ఈ రెండు సంగతులను ఒక్కచేతిలో పట్టుకొనుట కష్టము. కాని పట్టుకొనక తప్పదు.

1707 మార్చిలో ఔరంగజేబు చనిపోయెను. కుమారులు గద్దెకై పోరుచుండగా హైదరాబాదు సుబా నాథుడులేని యిల్లయ్యెను. కడసారి కుమారుడైన కాంబక్షు హైదరాబాదున తాను పాదుషానని ప్రకటించుకొని, అనుమానముతో రుస్తుందిల్‌ఖానునే చంపించెను. పాపన్న ఈ అదను కనిపెట్టెను. 1708 ఏప్రిలు 1వ తేది మొహరము పదవనాడు. ఓరుగల్లు పట్టణమువారు ఆ దుఃఖదినపు ఆచారములలో మునిగియుండిరి. ముందురాత్రి రెండు మూడు వేల కాల్బలముతో, నాలుగైదువందల రౌతులతో పాపన్న కోటగోడల క్రిందికి చేరెను. కొందరు బాటలను కట్టివేసిరి. కొందరు త్రాళ్లతో గోడలెక్కి తలుపులు తీసిరి. చెట్టెక్కి బ్రదికినవారికి గోడ యొక లెక్కయా యని మా ఊరి గీతకార్మికులు నవ్వుచు చెప్పుదురు. రెండుమూడు దినములు పట్టణము దోపిడియైనది. వేలకొలది జనులు, అందు గొప్పయింటి స్త్రీలును బిడ్డలును, చెరపట్టబడి షాపురమునకు కొనిపోబడిరి.

రెండు నెలలకు, జూను 1వ తేదిని, మహమ్మదుప్రవక్త జన్మదినమున భువనగిరిపై ఇట్లే పడెను. అచ్చట కోట చిక్కలేదు. ఆడుదానిని పట్టి తెచ్చినవానికి వెండి నాణెము, గొప్పయింటి స్త్రీని తెచ్చినవానికి బంగారు నాణెములు బహుమానమని ఆయన తన మనుష్యులకు ఆశచూపెనని ఖాఫీఖాను వ్రాసెను. ఉపాధ్యాయురాలు అడిగిన మాట యిదియే. శత్రువు వ్రాతయని దీనిని త్రోసివేయ వచ్చునా యని నేను చాల ఆలోచించితిని. దుక్కి దున్నించెనని ఆ శత్రువే వ్రాసినప్పుడు నమ్మితిమి. నచ్చినది నమ్మి, నచ్చనిది కాదనుట పెద్దమనుష్యుల లక్షణము కాదు. ఆ కాలమున రాజులును పాదుషాలును చెరపట్టుట మామూలే యను సమాధానమొకటి గలదు. అది నిజమే. కాని చెరపోయిన తల్లికి ఆ సమాధానము చెప్పగలమా?

1709 జనవరిలో బహదూరుషా హైదరాబాదు సమీపమున కాంబక్షును ఓడించి, తానే పాదుషాయై దర్బారు తీర్చెను. పాపన్న పదునాలుగు లక్షల రూపాయలును, సేనకు ఆహారద్రవ్యములును సమర్పించెను. పాదుషా ఆయనకు ఖిల్లతు కప్పించెను. ఖిల్లతన గౌరవవస్త్రము. కల్లుగీయు కులమున పుట్టినవానికి ఢిల్లీ పాదుషా నిండుకొలువులో చేసిన మర్యాద అది. పాట కోరిన రాచరికము ఆ ఒక్క దినమున నిజమైనదని చెప్పవచ్చును. నా మొదటి మిత్రుడడిగిన ‘రాజు’ మాటకు చరిత్రలో దొరకునంత ఆధారమిదియే. కొన్ని పాటలు ఆయనను గోలకొండ గద్దెపై కూర్చుండబెట్టినవి. చరిత్రలో దానికి సాక్ష్యము లేదు.

ఆ గౌరవమే ఆయనకు యముడైనది. ఓరుగల్లులో బంధువులను పోగొట్టుకొన్న గొప్పకుటుంబములవారు షా ఇనాయతను పెద్దను ముందిడుకొని పాదుషాకు మొరపెట్టిరి. వారి మొరలో రెండు బాధలు గలవు. ఒకటి తమ బిడ్డలు చెరలోనుండుట. రెండవది ఒక నీచకులజుడు తమ సరసన గౌరవింపబడుట. మొదటిది న్యాయమైనది, రెండవది కాదు. పాదుషా మనసు మార్చుకొని, కొత్త సుబేదారు యూసుఫ్‌ఖానునకు పాపన్నను నిర్మూలింపుమని యాజ్ఞ యిచ్చెను.

తరువాతి కథ ఇంటినుండియే మొదలయ్యెను. పాపన్న బావమరది మొగలాయీ ఫౌజుదారు. షాపురపు చెరలో నుండెను. పాపన్న పొరుగు భూస్వామిపై దండు పోయిన సమయమున ఆయన భార్య తన అన్నకు పంపు అన్నపు గిన్నెలలో ఆకురాళ్లు దాచి పంపెను. ఖైదీలు సంకెళ్లు కోసికొని కావలివారిని గెలిచి కోటను వశపరచుకొనిరి. తిరిగివచ్చిన పాపన్నను తన కోట ఫిరంగులే యెదుర్కొనినవి. ఆ యిల్లాలు భర్తకు ద్రోహము చేసినదని కొందరందురు. తోబుట్టువును చెర విడిపించుకొనినదని నేనందును. సోదరి సొమ్ము లాగికొనుటతో మొదలైన కథ, ఒక సోదరి అన్నను విడిపించుకొనుటతో మలుపు తిరిగినది.

పాపన్న తరికొండకు తగ్గెను. యూసుఫ్‌ఖాను వేలకొలది రౌతులతో చుట్టుముట్టెను. ఈ సీమ భూస్వాములు తమ కాల్బలముతో ఆయనకు తోడైరి. నెలల తరబడి ముట్టడి సాగెను. 1710లో యూసుఫ్‌ఖాను ఒక యుపాయము పన్నెను. కోట విడిచివచ్చిన భటునకు రెట్టింపు జీతమని చాటించెను. లోపల మందుగుండు తగ్గెను, మనుష్యులును తగ్గిరి. పాపన్న మారువేషము వేసి, తానొక ప్రక్క పోయినట్లు భ్రమపెట్టుటకు చెప్పులను హుక్కాను ఒక ద్వారముకడ విడిచి, మరియొక ద్వారమున బయటపడెను. కాలికి గాయమై హసనాబాదు చేరి, ఒక కల్లంగడిలో కూర్చుండి కల్లు అడిగెను. అంగడివాడు ఆయనను పోల్చుకొనెను. తన కులవృత్తివాని గుడిసెలోనే పట్టుబడెను. ఆయనను ముక్కలుగా నరికిరి. తలను పాదుషాకు పంపి, మొండెమును హైదరాబాదు నగరద్వారమున వ్రేలాడగట్టిరి.

చూచినవారు జడియవలెనని వ్రేలాడగట్టిరి. జనులు జడిసిరో లేదో కాని, పాడిరి. ఇట్లు ఏల జరిగెను? దీనికి దూరదేశపు దృష్టాంతమొకటి గలదు. ఇరాకు దేశపు ఉత్తరభాగమున సింజారు కొండలలో యెజిదీలను చిన్న మతమువారు గలరు. నెమలిరూపమున నున్న దేవదూతను వారు కొలుతురు. తరతరములుగ పెద్ద రాజ్యములు వారిని తరుముచునే యుండెను. వారి వీరుడు దర్వేషు అబ్ది. పదునెనిమిదవ శతాబ్దమువాడని చెప్పుదురు. పరమతస్థుడైన నాయకుని కుమార్తెను ప్రేమించి, పన్నెండుగురు రౌతులతో గొప్ప సేనకెదురేగి మడిసెనని పాట. ఆ పాటను వృత్తిగాయకులు నేటికిని పాడుచున్నారు. చరిత్ర వ్రాసికొను కొలువు లేనివారికి గాయకుడే కరణము, పాటయే దస్త్రము. మన చాకలి, మంగలి, కుమ్మరులకును అట్లే.

అయితే ఆ యెజిదీల కథలో మరియొక పాఠము గలదు. 2014 ఆగస్టులో సింజారుపై సాయుధులు పడి, వేలమందిని చంపి, వేలకొలది స్త్రీలను బిడ్డలను చెరపట్టి అమ్మిరి. తమ వీరుని పాట పాడుకొను ఆ జనులకు చెర యననేమో తెలియును. వారి యెదుట కూర్చుండి, ఓరుగల్లు చెర చిన్నసంగతి యని మనము చెప్పగలమా? చెప్పలేము. పాపన్న గొప్పతనమును ఒప్పుకొనుటకు ఆ స్త్రీల దుఃఖమును దాచనక్కరలేదు. పేదవాడు లేచి నిలిచెనని గర్వించవచ్చును. లేచినవాడు మరియొక నిస్సహాయుని త్రొక్కెనని విచారించవచ్చును. ఒకే గుండెలో ఈ రెంటికిని చోటు గలదు. మన కుటుంబములలోని పెద్దలనుగూర్చి మనము చేయునది యిదియే గదా.

ఖిలాషాపురము పోయినప్పుడు కోట బురుజుల నీడన చాలసేపు కూర్చుంటిని. గోడలు కొంత పడినవి, కొంత నిలిచినవి. ప్రక్కనే పిల్లలు ఆడుకొనుచుండిరి. పాపన్న ఎవరని ఒక బాలుని అడిగితిని. “మా పాపన్న” అనెను; అంతకుమించి చెప్పలేదు. 2022నుండి తెలంగాణ ప్రభుత్వము ఆగస్టు 18వ తేదిని పాపన్న జయంతిగా జరుపుచున్నది. మూడువందల యేండ్ల క్రిందట తల పంపించుకొన్న ప్రభుత్వములు పోయి, పూలమాల వేయు ప్రభుత్వము వచ్చినది. ఇది సంతోషము. కాని పూలమాల క్రింద మనుష్యుడు మరుగుపడకూడదు.

ఇంటికి వచ్చి ఈ విధముగా వ్రాసితిని:

“సర్వాయి పాపన్న చెట్టెక్కువారి యింట పుట్టి, అన్నికులముల పేదలను, ఇరుమతములవారిని కూర్చుకొని, ఖిలాషాపురమున కోట నిలిపెను. మొగలాయీ సుబేదారులను, ఈ సీమ భూస్వాములను యేండ్లతరబడి ఎదిరించెను. ఆయన దండయాత్రలలో నిరపరాధులైన స్త్రీలును బిడ్డలును చెరపడిరి. వారినిగూడ ఈ శిల తలచుచున్నది. 1710లో ఆయనను చంపిరి. ఆయన పాటను జనులు పాడుచునే యున్నారు.”

యువకులకు మూడవ వాక్యము రుచించలేదు. విగ్రహము పెట్టి తప్పును చెక్కుదురా యని ఒకడు కోపగించెను. ఉపాధ్యాయురాలు ఏమియు పలుకలేదు. చివరకు, అరువదియేండ్లు చెట్టెక్కి మోకాళ్లు చెడిన మా ఊరి గౌడయ్య యొకడు మెల్లగ ఇట్లనెను: “చెట్టుమీద మోకు ఒక పోగు తెగియున్న యెడల, తెగినదని క్రిందనున్నవానికి చెప్పవలెను. చెప్పక దాచితిమా, తరువాత ఎక్కువాడు మనబిడ్డయే. ఉండనిండు.” ఆ మాటతో చర్చ ముగిసినది. ఆరు వాక్యములును నిలిచినవి.

పెద్దలారా, కడపట నాదొక మనవి. మీ ఊళ్లలో పాపన్న పాట వచ్చినవారు ఒకరిద్దరైనను మిగిలియుందురు. వారు ముసలివారు. మీ మనుమల చేతులలో ఫోనులున్నవి. ఒక సాయంకాలము ఆ వృద్ధులను కూర్చుండబెట్టి, పాట మొదలు తుదివరకు పాడించి, ఫోనులో పట్టించుడు. ఒక ఊరి పాట మరియొక ఊరి పాటతో కలియకున్నను దిద్దకుడు. ఎవరు, ఏ ఊరు, ఏనాడు పాడిరో మాత్రము వ్రాసి యుంచుడు. ఖాఫీఖాను గ్రంథమునకు ప్రతులు గ్రంథాలయములలో భద్రముగా నున్నవి. మన సాక్షికి గొంతు తప్ప వేరు ప్రతి లేదు.